తీగ ఖరీదు, చెవి గవాహీ

ఉర్దూలో తార్ అంటే తీగ. టెలిగ్రామునీ తార్ అనే అనేవాళ్లు. మా నానీమా కాలంలో "తార్ ఆయా" అన్న మాట చెవిన పడగానే ఇంట్లో ఆడవాళ్లు ముందు ఏడుపు అందుకుని, ఆ తర్వాత ఎవరితోనైనా చదివించుకునేవాళ్లట. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం ఖతం అయిపోయింది. తార్ మాత్రం ఖతం కాలేదు. ఇవాళ అదే రాగి తార్ మెత్తటి రంగు తొడుగు వేసుకుని, బంగారు పూత కొనలు పెట్టుకుని, ముఖ్మల్ డబ్బాలో కూర్చుని వేల రూపాయలకు అమ్ముడుపోతోంది. ఆంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య రెండు మూడు మీటర్లు, అంతే. దాని దావా ఏమిటంటే, ఈ తార్ వేస్తే ఆవాజ్ మారిపోతుంది, గాయకుడు మీ దీవాన్‌ఖానాలోకి వచ్చి కూర్చుంటాడు.

తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా. ఈ దావాకు తారీఖ్ ఉంది, చాలా పాత తారీఖ్. అది తెలియకుండా "తార్‌తో ఏం ఫర్క్ పడుతుంది పొమ్మనడం" సరికాదు, "ఎంత పెడితే అంత ఆవాజ్" అని నమ్మడమూ సరికాదు. ఎందుకంటే ఒకానొక కాలంలో తార్‌లో రాగి ఎలాంటిది అన్న ఒక్క సవాలు మీద లక్షల పౌండ్లు సముద్రంలో మునిగిపోయాయి.

1858 సంగతి అది. ఐర్లండ్ తీరాన వాలెన్షియా నుంచి కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ దాకా అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఒక తార్ పరిచారు. ఆగస్టులో విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పైగామ్ పంపింది. 98 మాటలు. అవి అవతలి ఒడ్డుకు చేరడానికి 16 గంటలు పట్టింది. మూడు వారాలు తిరక్కుండానే ఆ తార్ చచ్చిపోయింది.

ఎందుకలా అయిందన్నది పెద్ద కిస్సా. కంపెనీకి విద్యుత్ నిపుణుడిగా ఉన్నాయన వైల్డ్‌మన్ వైట్‌హౌస్. అసలు పేషా డాక్టరీ. తార్ పొడవు పెరిగేకొద్దీ సంకేతం ఎంత నెమ్మదిస్తుందో విలియం థామ్సన్ అనే గ్లాస్గో ప్రొఫెసర్ అప్పటికే లెక్క కట్టి చెప్పాడు. పొడవు రెండింతలైతే ఆలస్యం నాలుగింతలు. అందుకని రాగి లావుగా ఉండాలి, శుద్ధంగా ఉండాలి అన్నాడు. వైట్‌హౌస్ ఒప్పుకోలేదు. నా తజుర్బాలో అలా కనిపించలేదు అన్నాడు. సన్నటి రాగితోనే పని కానిచ్చారు. సంకేతం సరిగ్గా అందకపోయేసరికి ఇండక్షన్ కాయిళ్లతో దాదాపు 2,000 వోల్టులు లోపలికి తోశాడు. అప్పటికే బలహీనంగా ఉన్న తొడుగు తట్టుకోలేకపోయింది. తర్వాత విచారణ జరిగింది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ అనే భారీ ఓడ మీద తీసుకెళ్లి వేసిన కొత్త తార్‌లో రాగి బరువు మైలుకు దాదాపు మూడు రెట్లు. ఆ తార్ పనిచేసింది. థామ్సన్ మొదట సర్ అయ్యాడు, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు.

ఈ కిస్సాలో నాకు బాగా నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. బజారులో దొరికే రాగి నమూనాలు తెప్పించి కొలిచినప్పుడు, ఒక ఫ్యాక్టరీ రాగికీ ఇంకో ఫ్యాక్టరీ రాగికీ విద్యుత్తును మోసుకెళ్లే తాకత్‌లో చాలా తేడా ఉందని థామ్సన్ కనిపెట్టాడు. చూడడానికి అన్నీ ఒకే ఎరుపు. అంటే "రాగిలో ఫర్క్ ఉంటుంది" అన్నమాట వహమ్ కాదు. 1850లలో అది పచ్చి నిజం. వేల కిలోమీటర్ల తార్‌కు ప్రాణం మీదికొచ్చే నిజం.

తర్వాత టెలిఫోన్ వచ్చింది. దూరం పెరిగితే మాట ముద్దముద్దగా వినిపించేది. దాని గుట్టు విప్పినవాడు ఆలివర్ హెవిసైడ్. కాలేజీ మెట్లెక్కని మనిషి, ఒకప్పటి తార్ బాబు. తీగలో నాలుగు గుణాలను తూకంగా సరిచేస్తే ఆవాజ్ చెడకుండా పోతుందని 1887లో రాశాడు. చిన్నప్పటి జబ్బు వల్ల ఆయనకు చెవులు సరిగా వినిపించేవి కావు. దూరపు మాట సాఫ్‌గా వినిపించే దారి ప్రపంచానికి చూపినవాడు చెవిటివాడు కావడం ఖుద్రత్ తమాషా అనుకోవాలి.

ఆ నాలుగు గుణాల్లో మూడింటి పేర్లు నేను మొదట ఉర్దూలోనే విన్నాను. మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ ఉస్తాద్ బోర్డు మీద ముజాహమత్, ఇమాలా, గుంజాయిష్ అని రాసేవారు. తెలుగు పుస్తకాల్లో నిరోధం, ప్రేరకత్వం, క్షమత. ఇంగ్లీషులో రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, కెపాసిటెన్స్. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కోసం అంతకు ఏడాది ముందే హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టి, ఫిజిక్స్ నుంచి డాక్టరీ దాకా ఉర్దూలోకి దించారు. ఇలాంటి మాటలు మన బడులదాకా వచ్చింది ఆ మెహనత్ వల్లే. ముజాహమత్ అంటే ఎదురు నిలవడం. తీగలో ఎలక్ట్రాన్లకు అడ్డు నిలిచేదాన్ని ఇంతకంటే బాగా చెప్పే మాట నాకు మూడు భాషల్లోనూ దొరకలేదు.

ఇక్కడిదాకా తార్ కథ ఇంజనీర్ల కథ. ఇళ్లలో పాట వినేవాళ్ల కథలో తార్ ప్రస్తావన చాలా ఏళ్లు లేనే లేదు. అక్కడ వేరే ఆట నడిచింది.

1915 నుంచి ఎడిసన్ కంపెనీ అమెరికా ఊరూరా టోన్ టెస్టులు పెట్టింది. స్టేజీ మీద ఒక గాయని, పక్కన ఎడిసన్ డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫ్. ఆమె పాడుతుంది, మధ్యలో ఆపేస్తుంది, పెట్టె పాడుతుంది. ఒక్కోసారి దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో ఎవరు పాడుతున్నారో జనం చెప్పాలి. పోల్చుకోలేకపోయాం అని వేలమంది ఆశ్చర్యపోయారు, పత్రికలు రాశాయి. ఇప్పుడు ఆ రికార్డులు విని చూడండి. గరగర, సన్నటి డబ్బా గొంతు. ఏడేళ్ల పిల్లవాడు కూడా మనిషి గొంతుకూ దానికీ తేడా చెప్పేస్తాడు. మరి వాళ్లెలా మోసపోయారు? చాలా ఏళ్ల తర్వాత, ఆ ప్రదర్శనల్లో పాడిన అన్నా కేస్ అనే సోప్రానో గాయని అసలు సంగతి చెప్పింది. పెట్టె పక్కన నిలబడి, తన గొంతును పెట్టె గొంతుకు తగ్గట్టు మార్చుకుని పాడేదట. అది సగం జవాబు. మిగతా సగం జనమే. ఫర్క్ ఉండదు అని ముందే చెప్పి కూర్చోబెట్టారు, వాళ్లకు ఫర్క్ వినపడలేదు.

ఫర్క్ ఉంటుంది అని ముందే చెప్పి కూర్చోబెడితే ఏమవుతుందో తెలియడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

1970ల దాకా అమెరికాలో స్పీకర్‌కు తగిలించే తీగ అంటే టేబుల్ లాంప్‌కు వాడే జంట వైరు. స్టీరియో కొంటే దుకాణ్‌వాలా కొంత ముక్క కత్తిరించి ఊరికే ఇచ్చేవాడు. ఆ దశకంలో జపాన్‌లో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో కొందరు తీగల మీద రాతలు మొదలుపెట్టారు. దాన్ని బజారు చేసినవాడు నోయెల్ లీ. శాన్‌ఫ్రాన్సిస్కో చైనా కుటుంబంలో పుట్టిన ఇంజనీర్, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో లేజర్ ఫ్యూజన్ పని చేసినవాడు, డ్రమ్స్ వాయించే షౌక్ ఉన్నవాడు. ఇంట్లో రకరకాల తీగలు తగిలించి చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ పెట్టుకుని వినేవాడు. లావు తీగతో ఫర్క్ వినిపించిందన్నాడు. 1970ల చివర్లో మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టాడు.

ఆయన ఝూఠా మనిషి అని నేననను. లాంప్ వైరు సన్నగా ఉండి, దూరం ఎక్కువైతే ఆవాజ్ దెబ్బతినే మాట నిజమే, దాని లెక్క కింద చెబుతాను. ఆయన అసలు కమాల్ తీగలో లేదు, దుకాణంలో ఉంది. స్టీరియో దుకాణాల్లో ఆంప్లిఫయర్లు, టీవీల మీద పోటీ వల్ల మునాఫా తక్కువ. తీగ మీద మునాఫా చాలా ఎక్కువ. సేల్స్‌మన్లకు ఆయన శిక్షణ ఇచ్చాడు, ఇనాములు పెట్టాడు. ఊరికే ఇచ్చే వస్తువు దుకాణానికి అన్నం పెట్టే వస్తువైపోయింది. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్క్ స్టేడియం పేరు మాన్‌స్టర్ పార్క్ అయింది, 2008 దాకా అదే పేరు. ఒక తీగల కంపెనీ పేరు స్టేడియం నెత్తిన! గ్లాస్గో ప్రొఫెసర్ చూసి ఉంటే ఏమనేవాడో.

ఇప్పుడు లెక్క. కొంచెం ఓపిక పట్టండి, ఐదో క్లాసు హిసాబే.

స్పీకర్ ముజాహమత్ సాధారణంగా 8 ఓమ్‌లు అంటారు. పాట నడుస్తున్నప్పుడు అది ఒకచోట నిలవదు, కొన్ని స్వరాల దగ్గర నాలుగుకు దిగుతుంది, కొన్నింటి దగ్గర ఇరవై దాటుతుంది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు ఐదు మీటర్ల దూరం అనుకుందాం. పోవడం, రావడం కలిపి పది మీటర్ల రాగి. 16 గేజ్ మామూలు జంట వైరైతే దాని ముజాహమత్ దాదాపు 0.13 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు దీని వల్ల తగ్గే ఆవాజ్ డెసిబెల్‌లో ఏడో వంతు. సంగీతంలో ఒక డెసిబెల్ తేడా పట్టడమే చాలామందికి కష్టం. అదే జుట్టులాంటి 24 గేజ్ తీగ వేస్తే 0.84 ఓమ్. అప్పుడు స్పీకర్ నాలుగు ఓమ్‌లకు దిగినచోట ఒకటిన్నర డెసిబెల్ పైన పోతుంది, ఇరవై ఓమ్‌ల దగ్గర మూడో వంతు డెసిబెల్ మాత్రమే పోతుంది. అంటే ఒక స్వరం ఎక్కువ తగ్గి, ఇంకోటి తక్కువ తగ్గి, పాట రంగు మారుతుంది. ఇది వినపడుతుంది. సన్న తీగ తప్పు చేస్తుంది, ఇందులో శక్ లేదు.

మరి లావు తీగకు బదులు ఖరీదు తీగ వేస్తే? ఆక్సిజన్ లేని రాగి అంటారు. ఇవాళ మామూలు విద్యుత్ రాగి కూడా 99.9 శాతం శుద్ధమే. రెండింటికీ మోసే తాకత్‌లో తేడా ఒక శాతం. థామ్సన్ కాలంలో ఉన్న ఆ ఘోరమైన ఫర్క్‌ను ఫ్యాక్టరీలు ఎప్పుడో తీర్చేశాయి. వెండి తీగ అంటారు. వెండి రాగికంటే ఐదారు శాతం మెరుగు. ఆ మాత్రం మెరుగు రాగిని ఒక్క పిసరు లావు చేస్తే వచ్చేస్తుంది. ఎత్తు స్వరాలు తీగ పైపొర మీదే పాకుతాయి, అందుకని మా తీగ వేరు అంటారు. 20,000 హెర్ట్‌జ్ దగ్గర రాగిలో ఆ పొర లోతు దాదాపు అర మిల్లీమీటరు, మామూలు స్పీకర్ వైరుకు అది చాలావరకు సరిపోతుంది. పైగా నలభై దాటిన నాలాంటివాళ్ల చెవికి ఆ 20,000 అందనే అందదు. ఇక అట్లాంటిక్ కష్టాలన్నీ తీగ పొడవు అలకు పోటీ వచ్చేచోట పుట్టినవి. తీగలో 20,000 హెర్ట్‌జ్ అల పొడవు సుమారు పది కిలోమీటర్లు. మన హాలులో తీగ మూడు మీటర్లు. మహాసముద్రం రోగానికి రాసిన దవాను నీళ్ల గ్లాసుకు తాగిస్తున్నారన్నమాట.

తీగ చెడగొట్టే కేసులు ఉన్నాయి, దాచను. రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది, దాని తీగకు మంచి కవచం లేకపోతే గుయ్ మని హమ్మింగ్ వస్తుంది. కొనలు చిలుమెక్కితే చరచర వస్తుంది. తమాషా ఏమిటంటే, కొన్ని ఖరీదైన అల్లిక తీగల గుంజాయిష్ మరీ ఎక్కువై 1970ల చివర్లో కొన్ని ఆంప్లిఫయర్లు తట్టుకోలేక కాలిపోయాయి.

"లెక్కలు మీరు పెట్టుకోండి, నా చెవులు నాకు చెబుతున్నాయి కదా" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన సవాలు. చెవి గవాహీని ఊరికే కొట్టిపారేయకూడదు. కానీ కచహరీలో గవాహీకి జిరహ్ ఉంటుంది, చెవికీ ఉండాలి. ఆ జిరహ్ ఎలా చేయాలో కూడా ఒక తారీఖే నేర్పింది.

1784లో పారిస్‌లో మెస్మర్ అనే డాక్టరు పేరు మారుమోగుతోంది. కంటికి కనపడని ఒక అయస్కాంత ద్రవం మనుషుల్లో ప్రవహిస్తుందని, తన చేతులతో దాన్ని సరిచేసి రోగాలు కుదురుస్తానని దావా. జనం నిజంగానే వణికేవాళ్లు, ఏడ్చేవాళ్లు, స్పృహ తప్పేవాళ్లు, కొందరు తేలికపడేవాళ్లు. పదహారో లూయీ రాజు ఒక కమిషన్ వేశాడు. అమెరికా సఫీర్‌గా అక్కడున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లవాయిజియే అందులో ఉన్నారు. మెస్మర్ రానన్నాడు, ఆయన షాగిర్ద్ దెస్లాన్ వచ్చాడు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో దెస్లాన్ ఒక చెట్టుకు ద్రవం పట్టించాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. ఒకటో చెట్టు, రెండోది, మూడోది... చెమటలు, తలనొప్పి. నాలుగో చెట్టు దగ్గర సొమ్మసిల్లి పడిపోయాడు. ద్రవం పట్టించిన చెట్టు ఇంకా దూరంగానే ఉంది.

పిల్లవాడు నటించలేదు. పడిపోయినమాట నిజం. కారణం మాత్రం చెట్టు కాదు. ఒక మనిషి అనుభవాన్ని అబద్ధం అనకుండానే, దాని వెనక చెప్పే కారణాన్ని పరీక్షించవచ్చని ఆ గంతలు చూపించాయి. మందుల పరీక్షలన్నీ ఇవాళ నడుస్తున్నది ఆ దారిలోనే.

శబ్దం విషయంలో 1950లో బెల్ ల్యాబ్స్‌లో మన్సన్, గార్డ్‌నర్ ఏబీఎక్స్ అనే పద్ధతి రాశారు. 1970ల చివర్లో మిషిగన్‌లో కొందరు ఆడియో షౌకీన్లు దానికి ఒక స్విచ్ పెట్టె చేశారు, 1982లో డేవిడ్ క్లార్క్ దాన్ని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వివరించాడు. ఏ అంటే ఒక తీగ, బీ అంటే ఇంకోటి, ఎక్స్ అంటే ఆ రెండింటిలో ఏదో ఒకటి, ఏదో ఎవరికీ తెలియదు. ఎక్స్ ఎవరో చెప్పు, అంతే. "ఏది బాగుంది" అని అడగదు. వినేవాడి మీద భారం చాలా తక్కువ.

1983 ఆగస్టులో స్టీరియో రివ్యూ పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ ఈ పద్ధతిలో స్పీకర్ తీగలకు ఇమ్తెహాన్ పెట్టాడు. మాన్‌స్టర్ కేబుల్, 16 గేజ్ లాంప్ వైరు, 24 గేజ్ సన్న వైరు. తీగల పొడవు 30 అడుగులు. 24 గేజ్ తేడాను జనం పట్టేశారు, ముఖ్యంగా హోరున ఉండే పరీక్షా శబ్దంతో. లెక్క చెప్పినట్టే. ఆవాజ్ స్థాయి సమానం చేశాక సంగీతంలో లాంప్ వైరునూ మాన్‌స్టర్‌నూ విడదీయలేకపోయారు. ఇదీ లెక్క చెప్పినట్టే. లెక్కా చెవీ ఒకే గవాహీ ఇచ్చాయి. నలభై ఏళ్ల కిందటి ఫైసలా ఇది. బజారు దాన్ని పట్టించుకోలేదు.

నాకు ఇదంతా తవ్వే పని మా ఖాలా కొడుకు వల్ల పడింది. ఖాలూ 1980లలో దమ్మామ్‌లో పనిచేసేవారు. అప్పట్లో గల్ఫ్ వెళ్లిన చాలామంది ఉత్తరాలు రాయడానికి బదులు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్లు, మీ ఇళ్లలోనూ జ్ఞాపకం ఉంటుంది. చదువు రాని ఖాలాకు అది ఇంకా సులువు. ఖాలూ పోయి పన్నెండేళ్లయింది. ఆయన గొంతు ఉన్నవి తొమ్మిది క్యాసెట్లు మిగిలాయి. వాటిని అమ్మీకి సాఫ్‌గా వినిపించాలని మావాడు మంచి స్టీరియో కొన్నాడు, పాత డెక్ ఒకటి సంపాదించాడు. గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టే వచ్చింది. దుకాణంవాడిని అడిగితే లోపం తీగల్లో ఉందన్నాడట. పద్దెనిమిది వేలు పెట్టి స్పీకర్ తీగలు తెచ్చాడు, అంటే వాడి జీతంలో ఇంచుమించు సగం. ఫోన్ చేసి, "భాయ్, ఫర్క్ ఉంది, కానీ అబ్బా మాట ఇంకా సమఝ్ కావడం లేదు" అన్నాడు.

ఆ మాటలో రెండు ముక్కలున్నాయి. ఫర్క్ ఉంది, పని కాలేదు. నేను వెళ్లినప్పుడు పాత వైరూ కొత్త వైరూ రెండూ ఉంచమన్నాను. వాడి కొడుకు వెనకాల నాణెం ఎగరేసి, పడ్డదాన్ని బట్టి తీగ మార్చేవాడు, ఒక్కోసారి మార్చినట్టు చప్పుడు చేసి అదే ఉంచేవాడు. మావాడు సోఫాలో అటు తిరిగి కూర్చుని ఏ తీగో చెప్పాలి. పదహారుసార్లు. ఊరికే గాలిలో చెప్పినా ఎనిమిది ఒప్పవుతాయి. పన్నెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒప్పయితే అది ఇత్తెఫాక్ అనడం కష్టం, వందలో నాలుగుసార్లు మాత్రమే అలా జరుగుతుంది. మావాడికి ఏడు ఒప్పయ్యాయి. వాడేమీ నొచ్చుకోలేదు, ముందు నవ్వాడు, తర్వాత బిల్లు తీసి చూసుకున్నాడు.

లోపం తీగలో ఎందుకు ఉంటుంది? క్యాసెట్ డెక్‌లో టేపును చదివే హెడ్ ఒక చిన్న ఇనుప ముక్క. దాని మీద ముప్పై ఏళ్ల టేపు పొడి గోధుమ రంగులో పేరుకుంటుంది. అది వాలుగా ఉన్నా, రికార్డు చేసిన మెషీన్ వాలుకు కుదరకపోయినా ఎత్తు స్వరాలు పోతాయి. స, ష, ఫ లాంటి హర్ఫులు ముందు పోతాయి, మాట అర్థమయ్యేది వాటితోనే. పక్కనున్న చిన్న స్క్రూను సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ వింటే ఒకచోట గొంతు తెరుచుకుంటుంది. కోఠీ వైపు ఒక పెద్దాయన, టేప్‌రికార్డర్ల కాలం నాటి మెకానిక్, స్పిరిట్ దూదితో హెడ్ తుడిచి, స్క్రూ తిప్పి, మూడు వందలు తీసుకున్నాడు. తొమ్మిదింటిలో ఏడు క్యాసెట్లు సాఫ్‌గా వచ్చాయి. రెండింటిలో టేపే అతుక్కుపోయింది. అబ్బా ఖాలాను "మిట్టూ" అని పిలిచేవారని మావాడికి అప్పుడే తెలిసింది. తీగలు వెనక్కి తీసుకోమంటే దుకాణంవాడు తీసుకోలేదు. ఉన్నాయి, పనిచేస్తున్నాయి. చెడ్డ తీగలేం కావు.

నాకు కోపం వచ్చేది ఖరీదు మీద కాదు. డబ్బున్నవాడు ముఖ్మల్ డబ్బాలో తీగ కొనుక్కుని చూసుకుని ఖుష్ అయితే వాడి షౌక్. అత్తరు సీసా అందంగా ఉంటే రెండు రూపాయలు ఎక్కువ పెట్టమా? ఇక్కడ ఒక నిజమైన రోగాన్ని చూపించి దానికి సంబంధం లేని దవా అమ్మారు. తండ్రి గొంతు వినాలన్న కోరికకు వెల కట్టారు.

పెద్ద దేశాల్లోనూ ఈ ఝగడా తెగలేదు. 2007లో అమెరికాలో పియర్ కేబుల్ అనే కంపెనీ ఆంజూ అనే స్పీకర్ తీగలు అమ్మేది, 12 అడుగుల జత 7,250 డాలర్లు. అద్భుతాల దావాలను పరీక్షించే జేమ్స్ రాండీ, మామూలు మంచి తీగకూ దీనికీ ఫర్క్ కళ్లు మూసుకుని చెప్పగలిగితే పది లక్షల డాలర్ల ఇనాము అన్నాడు. స్టీరియోఫైల్ పత్రిక రచయిత మైకేల్ ఫ్రేమర్ సరే అని ముందుకొచ్చాడు. కంపెనీ తన తీగలు ఇవ్వనని తప్పుకుంది. వేరే తీగలతో చేద్దామన్న మాటలు నడిచి, తెగి, ఒకరి మీద ఒకరు నెపం వేసుకున్నారు. ఇమ్తెహాన్ జరగనే లేదు. ఫ్రేమర్ ఓడిపోయాడని చెప్పేవాళ్లు తప్పు చెబుతున్నారు. కాకపోతే, తన తీగ మీద యకీన్ ఉన్న వ్యాపారికి ఇంతకంటే సస్తా ఇష్తిహార్ ఏముంటుంది అన్నది నా సవాలు.

ఇప్పుడు దుకాణాల్లో ఆట హెచ్‌డీఎంఐ తీగల మీదికి మారింది. అందులో పోయేది అంకెలు. అంకెలు చేరితే చేరతాయి, చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగిపోతుంది, శబ్దం తెగుతుంది. బంగారు తీగలో వచ్చిన ఒకటి మామూలు తీగలో వచ్చిన ఒకటికంటే తియ్యగా ఉండదు. పొడవు మరీ ఎక్కువైతే, చిత్రం 4కే అయితే, ఆ వేగానికి సరిపడే తీగ కావాలి. డబ్బా మీద ఆ వేగం రాసి ఉంటుంది, అది చూసి కొనండి.

ఇక స్పీకర్ తీగ అడిగేవాళ్లకు నా సలహా ఒకటే. ఇంట్లో ఫ్రిజ్ సాకెట్‌కు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు గుర్తుందా? ఐదు మీటర్ల దూరానికి పోనూ రానూ దాని ముజాహమత్ 0.07 ఓమ్, అంటే పైన చెప్పిన 16 గేజ్‌లో సగం. అదే లావులో మెత్తగా వంగే జంట వైరు ఎలక్ట్రికల్ దుకాణంలో మీటరు లెక్కన దొరుకుతుంది. రాగే అని చూసుకోండి, ఈమధ్య రాగి పూత పూసిన అల్యూమినియం కూడా రాగి పేరుతో అమ్ముతున్నారు. చాకుతో కొన గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. కొనలు శుభ్రంగా ఒలిచి గట్టిగా బిగించండి, ప్లస్ మైనస్ రెండు స్పీకర్లకూ ఒకేలా ఉండేట్టు చూడండి, ఒకటి తిరగబడితే బేస్ మాయమవుతుంది. మిగిలిన డబ్బు స్పీకర్ మీద పెట్టండి. లేకపోతే గోడకు ఒక పాత ఖాలీన్ వేలాడదీయండి, ఖాళీ హాలులో గోడల నుంచి తిరిగొచ్చే గూంజ్ ఏ తీగా చేయలేనంత ఫర్క్ చేస్తుంది.

పాత క్యాసెట్లు ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకండి. కోఠీ పెద్దాయనకు డెబ్భై దాటాయి, దుకాణంలో షాగిర్ద్ ఎవరూ లేరు.